పట్టు దొరికితేనే రోగం: పొదుగులో, పేగులో, గిట్టలో బాక్టీరియా ఉపరితల ప్రొటీన్ల పని

పొదుగువాపు వచ్చిన గేదెకు మూడు రోజులు సూదులు వేయిస్తే పాలు తెల్లబడతాయి. వాపు తీస్తుంది, గడ్డలు పోతాయి, కేంద్రంలో పాలు మళ్లీ పోయించుకుంటారు. నెల తిరక్కముందే అదే చన్నులోంచి విరిగిన పాలలాంటి తునకలు వస్తాయి. ప్రకాశం మెట్ట ఊళ్లలో గేదెలు మేపే ఇళ్లకూ, నెల్లూరు వైపు బర్రెలు మేపే ఇళ్లకూ ఇది తెలిసిన వరసే. మందు మంచిది కాదనో, డాక్టరు చెయ్యి మంచిది కాదనో అనుకోవడం మామూలు. చాలాసార్లు అసలు కారణం మందులో ఉండదు. ఆ చన్నులో చేరిన బాక్టీరియా ఒంటి మీద ఉంటుంది.

ఇలా తిరగబెట్టే పొదుగువాపుకు తరచూ కారణమయ్యేది స్టాఫిలోకాకస్ ఆరియస్. దాని అడ్డుకొలత ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చుట్టూ మందపాటి గోడ ఉంటుంది. ఆ గోడ నుంచి ఇరవైకి పైగా రకాల ప్రొటీన్లు పోగుల్లా బయటికి చాచుకుని ఉంటాయి. ఈ పోగులను గోడకు కుట్టేది సార్టేజ్-ఎ అనే ఎంజైము. ప్రతి ప్రొటీను తోక దగ్గర ఐదు అమైనో ఆమ్లాల గుర్తు ఒకటి ఉంటుంది. సార్టేజ్ ఆ గుర్తులో నాలుగోదానికీ ఐదోదానికీ మధ్య కోసి, మిగిలిన కొసను గోడలోని గ్లైసీన్ గొలుసుకు అతికిస్తుంది. 1999లో ఈ ఎంజైమును గుర్తించాక, దాని జన్యువును తీసేసిన బాక్టీరియాను ఎలుకల్లో పరీక్షించారు. గోడ మీద పోగులు లేని ఆ బాక్టీరియా ప్రయోగశాలలో మామూలుగానే పెరిగింది. ఎలుకలను జబ్బు పెట్టే శక్తి మాత్రం బాగా తగ్గిపోయింది. అంటే ఈ ప్రొటీన్లు బాక్టీరియా బతుకు కోసం ఉన్నవి కావు, మన ఒంట్లో, పశువు ఒంట్లో నిలదొక్కుకోవడం కోసం ఉన్నవి. ఇక్కడ చెప్పే విషయమంతా ఈ తేడా మీదే నడుస్తుంది.

చన్ను కొస నుంచి పాలకణం దాకా

చన్ను కొసలో పాలు వచ్చే సన్నటి దారి లోపలంతా మైనంలాంటి కెరటిన్ పూత ఉంటుంది. పాలు పిండనప్పుడు అది బిరడాలా మూసుకుని ఉంటుంది. పిండినప్పుడు తెరుచుకుంటుంది, పిండడం అయ్యాక కూడా కనీసం అరగంట, ఒక్కోసారి గంటకు పైగా పూర్తిగా మూసుకోదు. స్టాఫిలోకాకస్‌కు ఈ వ్యవధి చాలు. చర్మం పైపొరల్లో ఉండే లోరిక్రిన్, సైటోకెరటిన్ అనే ప్రొటీన్లను పట్టుకోవడానికి దాని గోడ మీద క్లంపింగ్ ఫ్యాక్టర్-బి అనే పోగు ఉంటుంది. పాలు పిండేవారి చేతి చర్మం మీదా, ముక్కులోపలా, చన్ను కొస పగుళ్లలోనూ అది తిష్ట వేయగలగడానికి ఈ పోగు ఒక ముఖ్య కారణం. కాబట్టి రోగం ఒక గేదె నుంచి ఇంకో గేదెకు ఎక్కువగా పోయేది పేడలోంచి కాదు. పిండే చేతుల మీదుగా, తుడిచే గుడ్డ మీదుగా పోతుంది. ఒకే తడిగుడ్డతో నాలుగు గేదెల పొదుగులు తుడవడం శుభ్రంగా కనిపిస్తుంది గాని, ఈ ఒక్క జబ్బు విషయంలో అది అంటించడమే అవుతుంది.

చర్మం దెబ్బతిన్నచోట పట్టు ఇంకా గట్టిపడుతుంది. బొటనవేలు మడిచి చన్నును దాని కణుపుకేసి నొక్కుతూ పిండే అలవాటు మన ఊళ్లలో చాలామందికి ఉంది. ఆ ఒత్తిడికి చన్ను లోపలి పొర నలిగి, అడుగున ఉండే కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ బయటపడతాయి. గాయం మానడానికి ఒళ్లు వాడుకునే జిగురు ప్రొటీన్లు ఇవి. స్టాఫిలోకాకస్ గోడ మీద వీటికి విడివిడిగా కొక్కేలున్నాయి. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టే పోగు ఒక్కోదానిలో ఒకేరకం పట్టు వరసగా ఎన్నోసార్లు ఉంటుంది, అందువల్ల ఒకే పోగుకు చాలా ఫైబ్రోనెక్టిన్ అణువులు చేరతాయి. పిడికిలి పట్టుతో, అంటే బొటనవేలు, చూపుడువేలు చన్ను మొదట్లో బిగించి మిగిలిన వేళ్లను ఒక్కొక్కటిగా ముడిచి పిండితే ఈ నలుగుడు ఉండదు. చేపు తేలిగ్గా వచ్చే గేదె అయినా, మొండి గేదె అయినా ఇదే పద్ధతి మంచిది.

ఫైబ్రోనెక్టిన్ పట్టుతో కథ అక్కడితో ఆగదు. ఫైబ్రోనెక్టిన్ రెండో కొస, పాలు తయారుచేసే పాలకణాల మీది ఇంటెగ్రిన్ అనే గ్రాహక ప్రొటీనుకు తగులుతుంది. ఆ కణం దృష్టిలో తనను తాకింది ఒంటి జిగురే. ఇంటెగ్రిన్లు గుంపుగా ముడుచుకోగానే కణం ఆ చోటును లోపలికి లాక్కుంటుంది, జిగురుతోపాటు బాక్టీరియా కూడా లోపలికి పోతుంది. బలవంతంగా తోసుకుని వెళ్లే పని లేదు, కణమే తలుపు తీస్తుంది. తిరగబెట్టే పొదుగువాపుకు సమాధానం ఇందులోనే ఉంది. పెన్సిలిన్ జాతి మందులూ, జెంటామైసిన్ జాతి మందులూ కణం లోపలికి తగినంత మోతాదులో చేరవు. పాలలోనూ నాళాల్లోనూ ఉన్న బాక్టీరియా చస్తుంది, పాలు తెల్లబడతాయి. కణాల్లో దాక్కున్నవి అలాగే ఉంటాయి. వాటిలో కొన్ని చాలా నెమ్మదిగా పెరిగే రూపంలోకి మారతాయి, పెరుగుదల మీదే దెబ్బకొట్టే మందులు వాటిని అంతగా తాకవు. మందు ఆగాక కణం చనిపోయినప్పుడు అవి మళ్లీ పాలలోకి వస్తాయి.

అందుకే పాలు బాగుపడ్డాయని రెండో రోజునో మూడో రోజునో మందు మానెయ్యడం పెద్ద తప్పు. పశువైద్యుడు చెప్పినన్ని రోజులూ వెయ్యాలి. కొత్తగా పట్టిన రోగం, ఒకే చన్ను, తొలి రెండో ఈత గేదె అయితే నయమయ్యే అవకాశం ఎక్కువ. నెలల తరబడి గట్టిపడి తాడులా తగిలే పొదుగు భాగంలో మందు పోసి డబ్బు తగలేయడం కంటే వట్టిపోయే సమయం దాకా ఆగి, ఆఖరిసారి పూర్తిగా పిండేసి, నాలుగు చన్నుల్లోనూ ఎక్కువకాలం నిలిచే మందు ట్యూబులు ఎక్కించడం మేలు. పాలు పిండే పని లేనందువల్ల మందు బయటికి పోదు, వారాల తరబడి అక్కడే ఉంటుంది. ట్యూబు ఎక్కించే ముందు చన్ను కొసను స్పిరిట్ దూదితో తుడవకపోతే మందుతోపాటు కొత్త బాక్టీరియాను కూడా మనమే ఎక్కించినట్టవుతుంది.

పిడిని పట్టేసుకునే ప్రొటీను

పట్టుకోవడం సగం పని. మిగతా సగం ఒంటి కావలి నుంచి తప్పించుకోవడం. అందులో స్టాఫిలోకాకస్ వాడే ప్రొటీన్-ఎ గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాన్ని అర్థం చేసుకుంటే టీకాలు ఎందుకు తడబడుతున్నాయో కూడా తెలుస్తుంది.

యాంటీబాడీ ఆకారం ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది. పైన రెండు చేతులు శత్రువును పట్టుకుంటాయి, కింద కాడ బయటివైపు నిలబడుతుంది. తెల్లకణం వచ్చి ఆ కాడను పిడిలా అందుకుని మొత్తాన్ని మింగుతుంది. ప్రొటీన్-ఎ ఈ అమరికను తలకిందులు చేస్తుంది. అది ముఖ్యంగా యాంటీబాడీ కాడనే పట్టేసుకుంటుంది. ఇప్పుడు బాక్టీరియా ఒళ్లంతా యాంటీబాడీలే ఉంటాయి, కాని వాటి చేతులు గాలిలో ఉంటాయి, పిడి శత్రువు గుప్పిట్లో ఉంటుంది. తెల్లకణానికి పట్టుకోవడానికేమీ దొరకదు. ఈ కాడపట్టును 1966లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫోర్స్‌గ్రెన్, షోక్విస్ట్ తేల్చారు. అదే పట్టును ఇవాళ మందుల కర్మాగారాలు యాంటీబాడీలను వడగట్టి శుద్ధి చేయడానికి వాడుకుంటున్నాయి. శత్రువు ఆయుధం ఇంత నేరుగా మనకు పనిముట్టు కావడం అరుదు.

పశువుల్లో ఇంకో చిక్కు ఉంది. పాలలోకి మామూలుగా ఎక్కువగా వచ్చేది ఐజీజీ-1 రకం యాంటీబాడీ. దాన్ని ప్రొటీన్-ఎ అంత గట్టిగా పట్టదు. కాని పొదుగులో వాపు మొదలయ్యాక రక్తంలోంచి దిగే ఐజీజీ-2 రకమే తెల్లకణాలకు అసలైన పిడి. ప్రొటీన్-ఎ గట్టిగా పట్టేది సరిగ్గా దాన్నే. పైగా పాలలోకి దిగిన తెల్లకణాలు శత్రువును వెతికే లోపు కొవ్వు బిందువులనూ కేసీన్ అనే పాల ప్రొటీనునూ మింగి సగం అలసిపోతాయి. రక్తంలో పనిచేసినంత చురుగ్గా అవి పాలలో పనిచేయలేవు. మనుషుల్లో, ఎలుకల్లో ప్రొటీన్-ఎ ఇంకో దెబ్బ కూడా తీస్తుంది. యాంటీబాడీలు తయారుచేసే బి-కణాల్లో ఒక పెద్ద కుటుంబాన్ని వాటి మీదున్న గ్రాహకాల ద్వారానే పట్టి, వృథాగా రెచ్చగొట్టి చంపుతుంది. ఒకసారి రోగం వచ్చి తగ్గినా రెండోసారి రక్షణ నిలవకపోవడానికి ఇది ఒక కారణం.

క్లంపింగ్ ఫ్యాక్టర్-ఎ అనే మరో పోగు రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రినోజెన్ అనే ప్రొటీనును చుట్టుకుంటుంది. బాక్టీరియా గుంపు కట్టి, పశువు సొంత ప్రొటీనుతోనే దుప్పటి కప్పుకుంటుంది. కొన్ని జాతులకు బాప్ అనే చాలా పొడవైన ఉపరితల ప్రొటీను ఉంటుంది. 2001లో దీన్ని మొదట వర్ణించింది పశువుల పొదుగువాపు నుంచి తీసిన జాతిలోనే. అది బాక్టీరియాను ఒకదానికొకటి అతికించి జిగట పొరగా కూర్చుతుంది. ఆ పొరలో మందు నెమ్మదిగా మాత్రమే ఇంకుతుంది. ఇదే పొదుగులో దొరికే స్ట్రెప్టోకాకస్ యూబరిస్ అనే మరో బాక్టీరియా ఎత్తు ఇంకోరకం. బాక్టీరియాకు ఇనుము అందకుండా చేయడానికి పశువు పాలలోకి వదిలే లాక్టోఫెరిన్‌నే అది పట్టుకుని, దాన్ని వంతెనగా వాడి పాలకణానికి అంటుకుంటుంది.

ఇన్ని పోగులు ఉన్నప్పుడు ఏదో ఒకదాని మీద టీకా చేస్తే చాలదా? మనుషుల్లో అదే ప్రయత్నించారు. ఇనుము దొంగిలించే ఇస్డ్-బి ప్రొటీను మీద మెర్క్ అనే మందుల కంపెనీ చేసిన టీకా పరీక్షను 2011లో ఆపేశారు. రక్షణ కనబడకపోగా, టీకా వేసుకుని కూడా స్టాఫిలోకాకస్ సోకినవారిలో మరణాలు ఎక్కువగా తేలాయి. క్లంపింగ్ ఫ్యాక్టర్-ఎ కూడా కలిపి నాలుగు భాగాలతో ఫైజర్ చేసిన టీకా పరీక్ష 2018లో ఫలితం లేదని ఆగిపోయింది. యాంటీబాడీలు పుష్కలంగానే పుట్టాయి, రక్షణ మాత్రం రాలేదు. పశువులకు ఐరోపాలో ఉన్న టీకా కూడా జబ్బు తీవ్రతను తగ్గిస్తుంది గాని రాకుండా ఆపదు. కాబట్టి టీకా వచ్చేస్తుందని దొడ్డి జాగ్రత్తలు వాయిదా వేయడం ఎంతమాత్రం మంచిది కాదు.

దొడ్డిలో ఆ జాగ్రత్తలన్నీ బాక్టీరియాకు పట్టు దొరికే సమయాన్ని కాచుకోవడమే. పిండే ముందు చన్నులను మాత్రమే కడిగి, ఒక్కో గేదెకు వేరే గుడ్డతోనో కాగితంతోనో పొడిగా తుడవాలి. పొదుగంతా నీళ్లు కొడితే ఆ మురికి నీరంతా చన్ను కొసకే జారుతుంది. మొదటి రెండు మూడు ధారలు నల్లటి గుడ్డ కట్టిన గిన్నెలో పిండి చూడాలి, నేలమీద కాదు. పిండాక అర శాతం అయోడిన్ ద్రావణంలో చన్నును కనీసం మూడింట రెండు వంతులు ముంచాలి. మందుల షాపులో దొరికే 5 శాతం పోవిడోన్ అయోడిన్‌లో పనిచేసే అయోడిన్ ఉండేది సుమారు అర శాతమే. దాన్ని చూసి ఘాటనుకుని పదింతలు నీళ్లు కలపడం తరచూ జరిగే పొరపాటు. 100 మిల్లీలీటర్లకు 10 మిల్లీలీటర్ల గ్లిజరిన్ కలిపితే చన్నులు పగలవు. పాలు, పేడ కలిస్తే అయోడిన్ చచ్చిపోతుంది కాబట్టి కప్పులో మిగిలినదాన్ని పారబోయాలే గాని దాని మీద కొత్తది నింపకూడదు. మన దగ్గర దూడను విడిచి చేపించే ఇళ్లే ఎక్కువ. దూడ ఆఖరిసారి తాగి వెళ్లాకే ముంచాలి, మళ్లీ పూట దూడను విడిచే ముందు ఆ పూతను తుడిచేయాలి.

ముంచిన తరువాత గేదెను వెంటనే చెరువుకు తోలకూడదు. పాలు పిండగానే గేదెలను నీళ్లలోకి వదలడం మన పల్లెల్లో ఏళ్ల అలవాటు. చన్ను దారి తెరిచి ఉన్న ఆ అరగంట, గంటలో గేదె బురదలో పొర్లితే అంతకుముందు చేసిన జాగ్రత్తంతా వృథా. గాటి దగ్గర పచ్చిమేతో చొప్పో వేసి నిలబెడితే సరిపోతుంది. జబ్బు గేదెను ఎప్పుడూ ఆఖరున పిండాలి.

పైకి ఏ లక్షణమూ కనబడని పొదుగువాపును పట్టడానికి నాలుగు గుంటల పళ్లెం పరీక్ష చాలు. ఒక్కో చన్ను పాలు ఒక్కో గుంటలో సుమారు 2 మిల్లీలీటర్లు, అంతే కొలత పరీక్ష ద్రవం పోసి పది సెకన్లు గుండ్రంగా తిప్పాలి. పాలలోని కణాలు పగిలి వాటి డీఎన్ఏ జావలా చిక్కబడుతుంది. చిక్కదనం ఎంత ఎక్కువైతే కణాలు అంత ఎక్కువ. ఇది బాక్టీరియా పేరు చెప్పదు. పేరు కావాలంటే మందు వేయకముందే నమూనా తీయాలి. చన్ను కొసను 70 శాతం స్పిరిట్‌తో తుడిచి ఆరనిచ్చి, మొదటి ధారలు వదిలేసి, శుభ్రమైన సీసాను పక్కకు వాల్చి పట్టుకుని 5 నుంచి 10 మిల్లీలీటర్లు పట్టి, మంచులో పెట్టి ఇరవైనాలుగు గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. సీసాను నిటారుగా పట్టుకుంటే పొదుగు వెంట్రుకలూ పేడ పొడీ రాలి అందులో పడతాయి, ల్యాబు చివరికి ఆ పేడలోని బాక్టీరియా పేరు చెబుతుంది.

దూడకు నాలుగు రోజుల గండం

దూడ పేగుల్లో ఇదే సూత్రం ఎంతో స్పష్టంగా పనిచేస్తుంది. పుట్టిన మూడు నాలుగు రోజుల్లో వచ్చే నీళ్ల పారుడుకు ఒక ముఖ్య కారణం ఎఫ్-5 అనే నూగు ఉన్న ఇ.కోలై బాక్టీరియా. ఆ నూగు పాత పేరు కె-99. సన్నటి వెంట్రుకల్లాంటి ఈ ప్రొటీన్ పోగులు పేగు కణాల మీది ఒకరకం చక్కెర-కొవ్వు అణువును పట్టుకుంటాయి. ఆ అణువు దూడ పేగుల్లో పుట్టగానే సమృద్ధిగా ఉండి, రోజులు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. కాబట్టి వారం దాటిన దూడకు ఈ రోగం దాదాపుగా రాదు. బాక్టీరియా మారలేదు, అంటుకునే చోటు పోయింది. నూగు కూడా ఒంటి వేడి దగ్గర, 37 డిగ్రీల దగ్గరే మొలుస్తుంది, 18 డిగ్రీల దగ్గర మొలవదు. ఒంటి బయట దాని అవసరం లేదు మరి.

పట్టు దొరికాక బాక్టీరియా పేగు గోడను చీల్చదు. అక్కడే కూర్చుని విషాన్ని వదులుతుంది, కణాలు ఉప్పునూ నీళ్లనూ పేగులోకి కుమ్మరిస్తాయి. కణాలు బతికే ఉన్నాయి కాబట్టి గ్లూకోజుతో కలిపి ఇచ్చిన ఉప్పును అవి తిరిగి పీల్చుకోగలవు. పారుడు పట్టిన దూడకు ఓఆర్ఎస్ పనిచేసేది అందుకే. 30 కిలోల దూడ ఒంట్లోంచి 3 లీటర్ల నీరు పోయిందంటే కళ్లు గుంటలు పడతాయి, మెడ మీద చర్మం లాగి వదిలితే వెంటనే సర్దుకోదు. ఆ దశలో నోటితో పట్టే నీళ్లు చాలవు, రక్తనాళంలోకి ఎక్కించాలి.

నివారణ ముర్రుపాలలో ఉంది. 30 కిలోల దూడకు మొదటి రోజు 3 లీటర్లు కావాలి, అంటే బరువులో పదో వంతు. అందులో లీటరో లీటరున్నరో మొదటి గంట రెండు గంటల్లోనే పడాలి. పేగులు యాంటీబాడీలను రక్తంలోకి పంపే శక్తి గంటగంటకూ తగ్గి, ఇరవైనాలుగు గంటలకు ఆగిపోతుంది. మాయ పడేదాకా దూడను తల్లి దగ్గరికి విడవని ఆచారం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. మాయ పడడానికి ఆరు, ఎనిమిది గంటలు పట్టవచ్చు, దూడ విలువైన సమయమంతా అందులో పోతుంది. నిజానికి దూడ చీకితే గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా పడుతుంది.

రక్తంలోకి పోవడం ఆగిపోయాక కూడా ముర్రుపాలు దండగ కాదు. పేగులోనే ఉన్న యాంటీబాడీలు నూగును కప్పేస్తాయి, పట్టు దొరక్క బాక్టీరియా పేడతో కొట్టుకుపోతుంది. అందుకే మూడు నాలుగు రోజులూ ఆ పాలే దూడకు పట్టాలి. చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ జున్నుపాలు పంచడం మంచి ఆచారమే, కాని మొదటి రోజు పాలు దూడవి. జున్నుగా గడ్డకట్టేది ఆ పాలలోని యాంటీబాడీలతో సహా ప్రొటీన్లన్నీ వేడికి రూపం మారడం వల్లే. కాబట్టి కాచిన ముర్రుపాలు దూడకు పోస్తే కడుపు నిండుతుంది గాని కాపుదల ఉండదు.

ఇదే ఇ.కోలై కుటుంబంలో మనుషుల మూత్రాశయానికి పట్టే జాతి నూగు కొసన ఫిమ్-హెచ్ అనే ప్రొటీను ఉంటుంది. దాని పట్టు లాగేకొద్దీ బిగుస్తుంది. మూత్రం వేగంగా ప్రవహిస్తుంటే గట్టిగా, నిలిచినప్పుడు వదులుగా పట్టుకుంటుంది. పైగా ఈ నూగు జన్యువు ముందుండే డీఎన్ఏ ముక్క ఒకటి అటూ ఇటూ తిరగబడుతూ స్విచ్చులా పనిచేస్తుంది. దాంతో ఒకే గుంపులో కొన్నిటికి నూగు ఉంటుంది, కొన్నిటికి ఉండదు. కావలి కణాలు నూగును గుర్తుపట్టి వేటాడితే నూగు లేనివి మిగులుతాయి.

గిట్టల కుళ్ళు: ఒకే రోగం, పది రకాల నూగు

పల్ల, జోడిపి, డోర అని మూడు రకాలుగా చెప్పుకునే నెల్లూరు గొర్రె పొడుగు కాళ్లతో దూరాలు నడవడానికి పుట్టిన జాతి. వానాకాలంలో దానికి పెద్ద శత్రువు గిట్టల కుళ్ళు. దీనికి మూలం డైకెలోబాక్టర్ నోడోసస్. దాని ఒంటి మీద నాలుగో రకం పిలై అనే సన్నటి పోగులు ఉంటాయి. వీటిని చాచి, అంటించి, వెనక్కి లాక్కుంటూ బాక్టీరియా గిట్ట పొరల్లో పాకుతుంది. ఈ పోగు జన్యువును తీసేసిన జాతి గొర్రెల్లో రోగం తేలేకపోయింది. గిట్టను కరిగించే ఎంజైములను బయటికి పంపడం కూడా దానిలో తగ్గింది. ఒక్క పోగు పోతే పట్టూ పోయింది, కోతా పోయింది.

ఇంత కీలకమైన పోగు టీకాకు మంచి గురి అనిపిస్తుంది. నిజంగానే పోగు మీద యాంటీబాడీలు రోగాన్ని ఆపుతాయి, ఉన్న రోగాన్ని నయం కూడా చేస్తాయి. చిక్కల్లా పోగులు పది రకాలు, ఎ నుంచి ఐ వరకు తొమ్మిది, పదోది ఎమ్. ఒక రకం మీద పుట్టిన యాంటీబాడీ ఇంకో రకాన్ని పట్టదు. పోనీ పదీ కలిపి ఒకే సూదిలో ఇస్తే అవి ఒకదానితో ఒకటి పోటీపడి ఒక్కోదానిమీదా రక్షణ పలచబడి కొన్ని వారాలకే తగ్గిపోతుంది. అందుకని మందలో ఏ రకం ఉందో ముందు ల్యాబులో తేల్చి, ఆ ఒక్కటి లేదా రెండు రకాలతోనే టీకా ఇచ్చే పద్ధతి వచ్చింది. నేపాల్‌లో వలస మందల నుంచి తీవ్రమైన రకాన్ని ఇలాగే తొలగించారు. రకాలు ఎక్కువగా ఉన్న మందలకు రెండేసి చొప్పున, నడుమ రెండు మూడు నెలల ఎడమిచ్చి వేస్తారు.

మన మందలు కోతలయ్యాక ఊళ్లు దాటి, మాగాణుల్లో ఎరువు కోసం మంద కట్టుకుంటూ తిరుగుతాయి. దారిలో ఇంకో మందతో కలిస్తే కొత్త రకం పోగు ఉన్న బాక్టీరియా చేరవచ్చు, అప్పుడు గత ఏడాది వచ్చి తగ్గిన రోగం వల్ల కలిగిన రక్షణ పనికిరాదు. కొన్న గొర్రెలను కనీసం రెండు వారాలు విడిగా ఉంచి, గిట్టల నడుమ చూశాకే మందలో కలపాలి. ఈ బాక్టీరియా గాలి తగిలితే చస్తుంది, గొర్రె కాలికి బయట తడినేలలో కూడా రెండు వారాలకు మించి బతకడం కష్టం. కాబట్టి కుంటే గొర్రెలున్న దొడ్డిని రెండు వారాలు ఖాళీగా ఉంచితే నేల దానంతటదే శుభ్రపడుతుంది.

కాళ్ల తొట్టికి 100 లీటర్ల నీళ్లలో 10 కిలోల జింక్ సల్ఫేట్ కలపాలి. గిట్టలు పూర్తిగా మునిగేంత లోతులో పది పదిహేను నిమిషాలు నిలబెట్టి, ఆ తరువాత గట్టి పొడినేల మీద ఆరనివ్వాలి. తొట్టిలోంచి తీసి నేరుగా బురదలోకి తోలితే మందు కడుక్కుపోతుంది. ముందు మట్టి కడగకుండా తొట్టిలోకి దింపినా ఇంతే, మందు మట్టి పొరను దాటదు. గిట్టను రక్తం వచ్చేదాకా చెక్కడం పాత పద్ధతి. అది మానడాన్ని ఆలస్యం చేస్తుంది, కత్తి ద్వారా పక్క గొర్రెకు అంటిస్తుంది. వదులైన ముక్కను తీసి గాలి తగలనిస్తే చాలు.

రొయ్యల చెరువుల వారికి ఇక్కడ ఒక్క మాట. రొయ్యకు యాంటీబాడీలే లేవు. పైన చెప్పిన టీకా లెక్కలేవీ దానికి వర్తించవు. విబ్రియో అనే బాక్టీరియా తెచ్చే తొలినాళ్ల మరణాల్లో కాలేయ గ్రంథిని చంపేది ఉపరితల ప్రొటీను కాదు, ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏ ముక్క మీద ఉండే జన్యువుల నుంచి పుట్టి బయటికి వదిలే జంట విషం.

గొంతు నుంచి గుండెకు

పిల్లల గొంతునొప్పికి కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ ఒంటి మీది ఎమ్ ప్రొటీనును రెబెకా లాన్స్‌ఫీల్డ్ 1928లో వర్ణించారు. రెండు పోగులు పురి పెట్టిన తాడులా అది గోడ నుంచి నిలబడుతుంది. మన రక్తంలో కాంప్లిమెంట్ అనే దాడి దళం ఉంటుంది. అది మన కణాల మీదే పడకుండా ఫ్యాక్టర్-హెచ్ లాంటి ప్రొటీన్లు "ఇది మనదే" అని చెప్పే ముద్రలా పనిచేస్తాయి. ఎమ్ ప్రొటీను ఆ ముద్రను పట్టి తన ఒంటికి తగిలించుకుంటుంది, దాడి ఆగిపోతుంది. తాడు కొస భాగం జాతి జాతికీ మారుతుంది. ఇప్పటికి 200కు పైగా రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గిన పిల్లవాడికి మళ్లీ గొంతునొప్పి రావడానికి అడ్డేమీ లేదు.

తాడు నడుమ భాగం గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రొటీనును పోలి ఉంటుంది. ఆ భాగం మీద పుట్టిన ప్రతిస్పందన కొందరి పిల్లల్లో గుండె కవాటాల మీదికి తిరుగుతుంది. కీళ్లవాతం, ఆ వెనక గుండె కవాటాల జబ్బు అలా వస్తాయి. గొంతునొప్పి మొదలైన తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెట్టినా దాన్ని ఆపవచ్చు. మాత్రలైతే పది రోజులు పూర్తిగా వాడాలి. రెండో రోజుకే జ్వరం తగ్గిందని మానెయ్యడం పొదుగువాపు మందు మానెయ్యడం లాంటిదే, నష్టం మాత్రం బిడ్డ గుండెకు. ఒకసారి కీళ్లవాతం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది ఏళ్ల తరబడి తప్పించకూడదు.

నాట్ల నీళ్లలో

పెన్నా కాలువల కింది మాగాణుల్లో ఎలుక మూత్రంతో చేరి ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా అనే బాక్టీరియాకు కూడా ఫ్యాక్టర్-హెచ్‌ను తొడుక్కునే ప్రొటీన్లు ఉన్నాయి. వాటిలో లిగ్-ఎ, లిగ్-బి అనే రెండింటి తీరు గమనించదగ్గది. పొలం నీళ్లలో ఉప్పు చాలా తక్కువ. అక్కడ ఉన్నంతసేపూ ఈ ప్రొటీన్ల తయారీ దాదాపుగా ఉండదు. కాలి పగులులోంచో గీరుడులోంచో రక్తంలోకి చేరి, ఒంటి ఉప్పుదనం తగలగానే వాటి తయారీ మొదలవుతుంది. లిగ్-బి ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకుంటుంది, కాంప్లిమెంట్‌ను ఆపే ప్రొటీన్లనూ పట్టుకుంటుంది. బాక్టీరియా తాను ఎక్కడికి చేరిందో ఉప్పును బట్టి తెలుసుకుంటుందన్నమాట.

నాట్లలోకి దిగే ముందు కాళ్ల పగుళ్లకూ గాయాలకూ నీరు చొరని పట్టీ వేసుకోవడం, వీలైనచోట రబ్బరు బూట్లు తొడుక్కోవడం, గట్ల మీది ఎలుక బొరియలను నాట్లకు ముందే తవ్వించడం ఆ తలుపును మూసే పనులు. పొలంలో దిగిన రెండు రోజుల నుంచి నాలుగు వారాల లోపు హఠాత్తుగా జ్వరం, పిక్కల్లో పట్టుకుంటే ఓర్వలేని నొప్పి, కళ్ల ఎరుపు వస్తే నాట్లలో దిగిన సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. మొదటి వారంలో రక్తపరీక్షలో యాంటీబాడీలు కనబడకపోవచ్చు, ఆ ఒక్క కాగితాన్ని నమ్మి మందు ఆలస్యం చేస్తే కామెర్లూ మూత్రపిండాల దెబ్బా ముందుకు వస్తాయి.